రెండో ఆమెకేం పెట్టిన్రు

వదిన పోయిన మూడో రోజు, అనంతగిరి దగ్గర వాళ్ల చెలక గట్టున విస్తరి వేసి, పిట్ట కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాం. మా వైపు ఆచారం ఇది. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెట్టి, కాస్త దూరం జరుగుతారు. కాకి వచ్చి ముట్టుకుంటే ఆ మనిషి తృప్తిగా తిన్నట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలినట్టు. ముట్టేదాకా ఇంటికి పోయి స్నానం చేయడానికి లేదు, అన్నం తినడానికి లేదు.

విస్తరిలో అన్నం, మటన్ కూర, గారెలు, పప్పు, పెరుగు, ఒక అరటిపండు పెట్టారు. పక్కన గ్లాసులో చాయ్. ఎండ ముదిరింది. కాలువ గట్టు మీది తుమ్మచెట్టులో కాకులున్నాయి. మమ్మల్ని చూస్తున్నాయి గానీ దిగడం లేదు.

"అమ్మకు గారెలంటే ఇష్టమే గద మామా?" అని వదిన కూతురు మేనమామను అడిగింది.

"చేసేది. తింటుంటే నేనైతే చూడలే," అన్నాడు ఆయన.

ఆయన వదినకు ఒక్కడే తమ్ముడు. మిర్యాలగూడలో రైస్ మిల్లు నడుపుతాడు. ఒకచోట నిలబడలేని మనిషి. గట్టు మీద అటూ ఇటూ తిరిగి తిరిగి, చివరికి విసుగ్గా జేబులోంచి ఫోన్ తీశాడు.

"గిట్ల కాదు గని, ఎవరన్న అక్కకు ఫోన్ కొట్టున్రి. ఏం మర్చిపోయినమో ఆమెకే ఎరుక."

అనేసి ఆగిపోయాడు. ఫోన్ చేతిలోనే ఉంది. ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఏడవలేదు. ఇలాంటప్పుడు మా చుట్టాల్లో ఎవరైనా అనే మాటే అది. మొన్నటిదాకా ఫోన్ చేస్తే ఆమె ఎత్తేది.

నాకొక సంగతి తెలుసు. అక్కడున్న వాళ్లలో నాకొక్కడికే తెలుసని అప్పుడు అనుకున్నాను. అది ఎవరికీ చెప్పనని ఆమెతో ఒప్పుకున్నాను, ఇక్కడికి చాలా దూరాన. అందుకని తల వంచుకుని కూర్చున్నాను.

*

వదిన ఎవరింటికి పోయినా, చూపించిన చోట కుర్చీలో కూర్చునేది కాదు. కుర్చీని కాస్త జరిపి, వంటింటి గుమ్మం కనపడేటట్టు వేసుకునేది. మాట్లాడేది మనతోనే, చూపు మాత్రం అటుండేది. ఎవరు లోపలికి పోయారు, ఎవరు మూతి తుడుచుకుంటూ బయటికి వచ్చారు, ఎవరు రెండోసారి మజ్జిగ అడిగారు, ఇవన్నీ ఆమెకు కావాలి. ఆమె ఎదురుగా కూర్చుని తినడం కొంచెం ఇబ్బందిగానే ఉండేది.

"ఆగు" అనేది ఆమె మాట. బస్సు డ్రైవరును, పురోహితుణ్ణి, పొంగే పాలను, అందరినీ ఆ ఒక్క మాటతోనే ఆపాలని చూసేది. పాలు తప్ప మిగతావాళ్లు సాధారణంగా ఆగేవాళ్లు.

నేను పెళ్లి చేసుకోలేదు. సూర్యాపేటలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగం వచ్చిన రోజు నుంచి ఆమె నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి 'సారు' అనడం మొదలుపెట్టింది. మర్యాదకు కాదు. సెలవు దొరికితే కోదాడలో వాళ్లింటికే పోయి తినేవాణ్ణి. ఒకరోజు వడ్డిస్తూ అన్నది:

"పప్పంటే పాణమని అందరి ముంగట అంటవ్ గని సారూ, నీ పళ్లెంల రోజూ మిగిలేది పప్పే."

అప్పటిదాకా నాకూ తెలియదు. అమ్మ బతికున్నప్పుడు పప్పు బాగా చేసేదని అందరూ అంటే, నేనూ అంటూ వచ్చాను. ఆ రోజు తర్వాత ఆ ఇంట్లో నా కంచంలో పప్పు పడలేదు. నేనూ అడగలేదు.

ఆమె నోరు మంచిది కాదు. చుట్టాల్లో సగం మందికి ఆమె అంటే భయం, మిగతా సగం మందికి కోపం. వంట బాగుందని పొగిడితే, "బాగుంటే రెండోసారి పెట్టించుకునేటోనివి," అనేది. కొత్తగా వచ్చిన అల్లుళ్లు ఆమె ముందు వేళ్లు దగ్గర పెట్టుకుని తినేవాళ్లు.

పిట్ట సంగతి మా నాన్నతో మొదలైంది. అప్పటికి ఆమె ఈ ఇంటికి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. నాన్న ఊళ్లో పెద్ద రైతు, పది మందికి చెప్పే మనిషి. ఆయన పోయిన మూడో రోజు ఆకులో మాంసం, కల్లు, చేపలు, అన్నీ పెట్టాం. పొద్దు నడినెత్తి మీదికి వచ్చినా కాకి రాలేదు. పెద్దలు ఒక్కొక్కరే ఆకు దగ్గరికి పోయి మాట ఇవ్వడం మొదలుపెట్టారు. భూమి అమ్మబోమన్నారు, అన్నదమ్ములు కలిసుంటారన్నారు, నా పెళ్లి చేస్తామని కూడా అన్నారు. ఏమీ కాలేదు.

వదిన కొంగు తల మీదికి లాక్కుని, ఎవరికీ చెప్పకుండా ఇంటికి పోయి, చిన్న గిన్నె పట్టుకుని తిరిగొచ్చింది. అందులో అన్నం గిన్నె అడుగున అంటుకున్న మాడు. గీకి తెచ్చింది.

మా పెద్దనాన్న మండిపడ్డాడు. "ఏందమ్మా ఇది? అంత మనిషికి మాడు పెడ్తవా? పదిమంది ఏమనుకుంటరు?"

"ఆగున్రి," అన్నది ఆమె. కోడలు ఆయన ముందు నోరు తెరవడం అదే మొదటిసారి. "మధ్యాహ్నం అందరు పండుకున్నంక మామ వంటింట్లకు వచ్చి ఇది గీక్కొని తినేటోడు. గరిటె సప్పుడు నాకు వినపడేది. నేను నిద్రపోయినట్టు పండేదాన్ని."

"ఇంట్ల సంగతి బయట పెడ్తరా?"

"పోయినంక ఇగ సిగ్గేంది?"

మాడు ఆకులో పెట్టింది. కాకి వచ్చింది. మాడు కోసమే వచ్చిందో, ఆకలేసి వచ్చిందో నేను చెప్పలేను. కానీ నాన్న వంటింట్లో ఒంటరిగా గిన్నె గీకుతున్న దృశ్యం అప్పటి నుంచి నాతో ఉంది. పదిమందికి చెప్పిన నాన్న కంటే ఆ నాన్నే నాకు ఎక్కువ గుర్తు.

ఆ తర్వాత కబురు పాకింది. నేరేడుచర్ల నుంచి, మిర్యాలగూడ నుంచి, ఎవరింట్లో పిట్ట ముట్టకపోయినా ఆమెకు ఫోన్ వచ్చేది. దగ్గరైతే షేర్ ఆటో ఎక్కి పోయేది. దూరమైతే ఫోన్లోనే అడిగేది. ఒకసారి నేను పక్కనే ఉన్నాను. నేరేడుచర్లలో ఎరువుల దుకాణం ఆయన పోయాడు. ఆయన భార్య ఫోన్ చేసింది.

"ఆయనకేం ఇష్టమని నన్నడగకు," అన్నది వదిన. "ఎవ్వరు లేనప్పుడు ఏం తినేటోడో అది చెప్పు."

అవతల నుంచి గొంతు గట్టిగానే వినపడుతోంది. "షుగరొచ్చినంక ఏం తినలే అక్కా. నేనే తిననియ్యలే."

"ఇంట్ల తినలే. దుకాణంల?"

"చాయ్ తాగేటోడు. చక్కెర లేకుంట."

"అండ్ల ఏం ముంచుకునేటోడు?"

"అక్కా... అంగి జేబుల ఎప్పుడు పిండిపిండి ఉండేది. ఉతికేటప్పుడు తిట్టేదాన్ని."

"బన్ను తెప్పించు," అని వదిన ఫోన్ పెట్టేసింది.

ప్రతిసారీ అలా జరగలేదు. కోదాడలోనే ఒక రిటైర్డ్ మాష్టారికి కోడిగుడ్డు బోండా పెట్టాలని పట్టుబట్టి పెట్టించింది. కాకి రాలేదు. సాయంత్రం దాకా చూసి, ఆకులోని అన్నం ఆవుకు పెట్టి ముగించారు. వదిన వారం రోజులు మొహం మాడ్చుకుని తిరిగింది. "వాళ్లే ఏదో దాస్తున్రు," అన్నది. కాకిని మాత్రం ఒక్క మాట అనలేదు.

మా అన్న పోయినప్పుడు అందరూ ఆమె వైపే చూశారు. ఆమె ప్రత్యేకంగా ఏమీ తేలేదు. ఇంట్లో రోజూ వండేదే పెట్టింది. అటు జరిగామో లేదో కాకి వచ్చి ముట్టింది. "ఆయనేం దాచుకోలే," అన్నది. "దాచుకునేంత ఓపిక ఏడిది ఆయనకు?" ఏడ్చినట్టు కనపడలేదు గానీ ఆ రోజు ఎవరినీ ఆగమనలేదు.

ఒకసారి నేను అడిగాను, పోయినవాళ్లు నిజంగా పిట్టలై వస్తారని నువ్వు నమ్ముతావా అని.

"పిట్ట సంగతి పిట్టకే ఎరుక సారూ. నాకు మనిషి సంగతి గావాలె," అన్నది. నేను చదివిన పుస్తకాల్లో దీని మీద చాలా ఉంది. అవేవీ ఆమెకు చెప్పాలనిపించలేదు.

ఆమె తినడం మాత్రం మాలో ఎవరమూ చూడలేదు. అందరూ లేచాక, వంటింట్లో గట్టు దగ్గర నిలబడి, మాకు వీపు పెట్టి, పళ్లెం చేతిలో పట్టుకుని తినేది. ఏం కావాలని అడిగితే "నాదేముంది, ఏదున్నా నడుస్తది" అనేది. అది వినీ వినీ, నిజమే అనుకున్నాం. అందరి పళ్లేలూ చూసే మనిషి తన పళ్లెం ఎవరికీ కనపడకుండా పెట్టుకుందని ఎవరికీ తట్టలేదు. చేతిసంచిలో ఒక చిన్న స్టీలు డబ్బా ఎప్పుడూ ఉండేది. వక్కపొడి అనుకునేవాళ్లం.

*

కొన్నేళ్ల కింద మేమిద్దరం విదేశాలకు పోయాం. కోరి పోయింది కాదు. మిర్యాలగూడ మిల్లుల వాళ్లు కొందరు కుటుంబాలతో కలిసి ఏటా ఎక్కడికో ఒకచోటికి పోతుంటారు. ఆ ఏడు యూరప్. వదిన తమ్ముడు తనకూ భార్యకూ సీట్లు బుక్ చేసుకున్నాక, భార్యకు మోకాలి ఆపరేషన్ పడింది. ఆ సీట్లు మాకు మార్చారు. వదిన వద్దనే అన్నది. "పైసలు కట్టినం, పో అక్కా," అని తమ్ముడు పంపించాడు. ఆమెను ఒక మిల్లాయన తల్లితో ఒక గదిలో పెట్టారు, నన్ను ఇంకొకాయనతో.

ఆ ప్రయాణంలో నాకు బాగా గుర్తున్నది అలసట. రోజంతా బస్సు. కాళ్లు వాచేవి. ఏ చర్చి ఏ ఊళ్లో చూశామో కలిసిపోయింది. మా వెంట వంటమనిషి కూడా వచ్చాడు. ఎక్కడ ఆగితే అక్కడ పులిహోర పొట్లాలు, ఆవకాయ. వదిన బస్సులో కిటికీ వదిలేసి, వంటమనిషి కనపడే సీటు ఏరుకుంది.

చలి ఎక్కువగా ఉండే ఒక దేశంలో, ఒకరోజు వాన పడి పడవ షికారు రద్దయింది. బదులుగా పాత ఓడల మ్యూజియంకు తీసుకుపోయారు. ఎత్తైన తెల్లటి గోడల మధ్య ఒక్కొక్క గదిలో ఒక్కొక్క ఓడ. వెయ్యేళ్ల కిందటివన్నారు. బంకమట్టి దిబ్బల్లోంచి తవ్వి తీశారట. కర్ర నల్లగా అయింది. వాటిలో ఒక దాని ముందు కొన సన్నగా పైకి లేచి, చుట్ట చుట్టుకుని ఆగింది. నేను అలాంటిది అంతకుముందు చూడలేదు. చాలాసేపు నిలబడాలనిపించింది గానీ కాళ్లు సహకరించలేదు.

"దీంట్ల ఎన్ని బస్తాలు పడ్తయంటవ్ సారూ?" అని మా గుంపులో ఒక మిల్లాయన అడిగాడు.

"లారీ అంత పట్టది," అన్నాడు పక్కాయన. "అండ్ల పైకప్పు లేదు. వానకు తడిస్తే ఎవడు కొంటడు?"

అందరూ నవ్వి, ఫోటోలు దిగి, బయట దుకాణం వైపు పోయారు. వదిన పోలేదు. ఓడ పక్కన అద్దాల పెట్టెల్లో సామాను ఉంది. మంచం, కుండలు, చెక్క తొట్లు, మగ్గం ముక్కలు, ఒక బండి. ఆమె వాటి దగ్గర నిలబడింది. కళ్లద్దాల పిల్ల ఒకతె, అక్కడి గైడు, ఇంగ్లీషులో చెబుతోంది.

"ఏమంటున్నది?" అని వదిన నన్ను అడిగింది.

"ఇది సమాధి అంట వదినా. ఓడను ఒడ్డుకు గుంజి, ఇద్దరు ఆడోళ్లను అండ్ల పండవెట్టి, సామానంత పెట్టి, మీద మట్టి పోసిన్రంట."

"తినేదేం పెట్టిన్రు?"

గైడును అడిగి చెప్పాను. ఎద్దును పెట్టారు. పిండి పెట్టారు. ఒక తొట్టి నిండా చిన్న చిన్న అడవి ఆపిల్ పండ్లు పెట్టారు.

"అడవియా? పుల్లగుంటయి గద."

"ఉంటయేమో."

"అంటే ఇష్టమే," అన్నది, తనకు రుజువు దొరికినట్టు. "ఇంత ఓడ గల్ల రాణికి ఎవరన్న పుల్లటియి ఊరికే పెడ్తరా? ఎవరో చూసిన్రు." మళ్లీ అద్దంలోకి వంగింది. "ఇద్దర్ల ఈ ఓడ ఎవరిది? అడుగు."

అడిగాను. గైడు భుజాలు ఎగరేసింది. ఒకామె గొప్పింటి ఆమె అయి ఉండొచ్చు. రెండో ఆమె పనిమనిషి కావచ్చు, బంధువు కావచ్చు. ఎవరు ఎవరో కూడా తేలలేదు. ఒకామెకు తోడుగా రెండో ఆమెను పంపి ఉంటారని కొందరు అంటారు.

నేను తెలుగులో చెప్పేసరికి వదిన అద్దంలోంచి ఓడ వైపు చూసింది. అద్దం మీద ఆమె ఊపిరి ఆవిరి పట్టింది.

"తెలిసినామె అయ్యుంటది," అన్నది.

"ఎవరు?"

"రెండో ఆమె. ఆమెకు ఏం గావాల్నో ఈమెకే ఎరుక. పండ్లు పెట్టుమన్నది ఈమెనే. ఇగ అక్కడ ఎవరు చూస్తరని ఈమెను గూడ తోలిన్రు." కొంచెం ఆగి, "మరి రెండో ఆమెకేం పెట్టిన్రు?" అన్నది.

నేను అడిగాను. గైడు, ఏ వస్తువు ఎవరిదో విడదీసి చెప్పలేమన్నది. దొంగలు పడి కలియబెట్టారన్నది. ఆమె మంచి పిల్ల, ఎవరూ ఈ ప్రశ్న అడగలేదని కూడా అన్నది.

"పెట్టి ఉండరు," అన్నది వదిన. "పెట్టాలంటే ఎవరికన్న తెలిసుండాలె గద."

ఆ మాటలో కోపం లేదు. అలసిపోయినట్టుంది. బయటికి నడిచింది.

వసారాలో బల్ల మీద కూర్చున్నాం. బయట సన్నటి వాన. మా వాళ్లంతా దుకాణంలో ఫ్రిజ్జుకు అంటించే ఓడ బొమ్మలు కొంటున్నారు. నేను కళ్లు మూసుకున్నాను. పక్కన డబ్బా మూత తీసిన చప్పుడు. తర్వాత కరకర. కళ్లు తెరిచాను. వదిన అరచేతిలో బియ్యం. వక్కపొడి కాదు, పచ్చి బియ్యం. ఒక్కొక్క చిటికెడు నోట్లో వేసుకుని నములుతోంది. ఆమె తింటుండగా నేను చూడడం అదే మొదటిసారి.

"ఏంది సూస్తున్నవ్?"

"ఆకలైతున్నదా? పులిహోర తెమ్మంటవా?"

"ఆకలికి ఎవరన్న బియ్యం బుక్కుతరా?" అని నవ్వింది. ఆ నవ్వులో కొంచెం సిగ్గు ఉంది. ఆమెకు సిగ్గు ఉంటుందని నేను అనుకోలేదు. "చిన్నప్పటి అలవాటు. బాపు మిల్లుల గొట్టం కింద నిలబడేదాన్ని. అప్పుడే పడే బియ్యం వెచ్చగుంటయి సారూ. పిడికిట్ల పట్టుకుంటే పాణమున్నట్టే ఉంటయి. బియ్యం బుక్కితే పెండ్లిల వాన పడ్తదని అమ్మ కొట్టేది."

"పడ్డది," అన్నాను. అన్న పెళ్లిలో పందిరి కూలేంత వాన పడింది. నాకు బాగా గుర్తు.

"మరి! ఎందుకు పడ్డదో ఇప్పుడు తెలిసింది గద. నాకు అప్పుడే ఎరుక." నోట్లో ఇంకో చిటికెడు వేసుకుంది. "పిల్లకు చెప్పకు. బియ్యం బుక్కుడుతోనే రక్తం తక్కువైందని డాక్టర్ చెప్పినకాంచి బియ్యం డబ్బాకు కాపలా కాస్తున్నది. ఎవ్వరికి చెప్పకు."

"చెప్ప."

"నీకు పెట్ట. నీ ఊగే పండ్లతోని అయ్యే పని కాదు."

మూత పెట్టేసి, కొంగుతో మూతి తుడుచుకుని, మిల్లాయన తల్లి రావడం చూసి ఎప్పటి మొహం పెట్టుకుంది. తిరిగొచ్చాక ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఒకసారి కోదాడలో టీవీ చూస్తుంటే వంటింట్లో మూత చప్పుడైంది. నేను టీవీ గొంతు కొంచెం పెంచాను. అంతే.

మొన్న పొద్దున చాయ్ పెడుతూ పడిపోయిందట. దవాఖానకు చేరేలోపే ప్రాణం పోయింది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయిందని కూతురు చెప్పింది.

*

తుమ్మచెట్టు మీది కాకులు కదల్లేదు. తమ్ముడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. వదిన కూతురు విస్తరి దగ్గరికి పోయి, చేతులు కట్టుకుని, తల్లితో మెల్లగా ఏదో మాట్లాడుతోంది. ఏదో మాట ఇస్తున్నట్టుంది. అంతమందికి చూసిపెట్టిన మనిషికి ఏం పెట్టాలో కన్న కూతురికి తెలియకపోవడం ఆ పిల్లను లోపల కోస్తోందని చూస్తేనే తెలుస్తోంది.

చెప్పనని అన్నాను. మాట తీసుకున్న మనిషే, మా నాన్న ఆకు దగ్గర, పోయినంక ఇగ సిగ్గేంది అన్నది. ఆ రెంటి మధ్య కాసేపు కూర్చున్నాను. తర్వాత లేచాను.

"బియ్యం పెట్టున్రి," అన్నాను.

"అన్నం పెట్టినం గద బావా," అన్నాడు తమ్ముడు.

"అన్నం కాదు. బియ్యం. పచ్చి బియ్యం. ఆమె బుక్కేది."

కూతురు వెనక్కి తిరిగింది. "ఎప్పుడు చిన్నాయనా? డాక్టర్ చెప్పినకాంచి నేనసలు ముట్టనియ్యలే."

"ఆమె సంచిల స్టీలు డబ్బా ఉంటది, సూడు."

"మొన్న తెరిచి చూసిన. బియ్యం గింజలుండె. అక్షింతలనుకున్న. దేవుని దగ్గర పెట్టి మొక్కుకున్న చిన్నాయనా."

తమ్ముడు, అంత తొందర మనిషి, మెల్లగా కారు దాకా నడిచి పోయాడు. మిల్లుల వాళ్ల కారులో ఎప్పుడూ బియ్యం శాంపిల్ పొట్లాలు ఉంటాయి. ఒకటి తెచ్చి పంటితో చింపాడు. అలవాటు కొద్దీ అరచేతిలో పోసుకుని, వేలితో కలియబెట్టి, నూక ఎంతుందో చూశాడు. చూసి, తనేం చేస్తున్నాడో తెలిసి ఆగాడు.

"చిన్నప్పుడు నా నిక్కరు జేబుల పోసేది బావా," అన్నాడు. "అమ్మ చూస్తే నేనే తిన్న అనాలె. మగపోరగాళ్లు బుక్కితే పెండ్లిల వాన పడదంట. పెండ్లయినంక మానేసిందనుకున్న."

విస్తరిలో ఒక పక్కకు బియ్యం పోసి వెనక్కి వచ్చాం. కాకి వెంటనే రాలేదు. నేను వాచీ చూసుకున్నాను.

"ఆగుదాం బావా," అన్నాడు ఆయన. "తొందరేముంది?"

కొంతసేపటికి ఒక కాకి దిగింది. గట్టు మీద అటు నడిచి, ఇటు నడిచి, ఆకు దగ్గరికి వచ్చింది. బియ్యం మీద కాలు పెట్టింది. మటన్ ముక్క ఒకటి నోట కరుచుకుని ఎగిరిపోయింది. అందరూ ఊపిరి వదిలారు.

"బియ్యమే ముట్టింది. నేను చూసిన," అన్నాడు తమ్ముడు.

నేను చూసింది వేరు. వదిన ఉంటే ఊరుకునేది కాదు. నేను ఊరుకున్నాను.

మిగతావాళ్లు కార్ల వైపు నడిచారు. మేం ముగ్గురం మిగిలాం. పొట్లంలో ఇంకా కొన్ని బియ్యం ఉన్నాయి. తమ్ముడు మేనకోడలి చేతిలో కొన్ని పోశాడు, తన చేతిలో కొన్ని, నా చేతిలో కొన్ని. కారు ఎండలో ఉన్నందుకేమో, వెచ్చగా ఉన్నాయి. ఆ పిల్ల ఏమీ అడగకుండా నోట్లో వేసుకుని నమలడం మొదలుపెట్టింది. నేనూ వేసుకున్నాను.

నా పళ్లతో అయ్యే పని కాదు. కొరకలేదు. నానేదాకా ఆగాను.